ఆబోతు పేరు రాసిపెట్టండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన సంక్రాంతికి మా పక్క ఊళ్లో బండలాగుడు పోటీలు చూడటానికి వెళ్లాను. నాలుగు పళ్ల వయసు విభాగంలో గెలిచిన ఎడ్ల జత చుట్టూ జనం మూగి ఫోటోలు దిగుతున్నారు. తెల్లటి ఒళ్లు, నిటారైన మూపురం, నడుస్తుంటే ఊగే గంగడోలు. చూస్తుంటే కడుపు నిండినట్టయింది. "ఈ కోడెల తండ్రి ఏ ఆబోతు అండీ?" అని యజమానిని అడిగాను. "తెలియదండీ. మేము కొనేటప్పటికే ఇంత ఉన్నాయి. మాకు అమ్మినాయన కూడా సంతలో తెచ్చుకున్నాడట" అన్నాడు. అప్పటి నుంచి ఆ మాట నా మనసులో నలుగుతూనే ఉంది.

ఎందుకంటే ఇదే ఒంగోలు జాతి పశువును బ్రెజిల్‌లో ఒక రైతు కొనుక్కుంటే దాని తండ్రి, తాత, ముత్తాత ఎవరో కాగితం మీద చూసుకుని కొంటాడు. అక్కడ దాని పేరు 'నెలోర్'. మన పశువులు ఓడ ఎక్కే రోజుల్లో ఒంగోలు ఇంకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చింది, 1970లో మళ్లీ వేరే జిల్లా అయింది. జిల్లాలు మారినా అక్కడ పాత పేరే నిలిచిపోయింది.

1868లో ఇంగ్లండ్‌కు వెళ్తున్న ఓ ఓడ బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఆగినప్పుడు అందులోని ఒంగోలు జతను అక్కడే అమ్మేశారని వాళ్ల చరిత్ర చెబుతుంది. పదేళ్ల తర్వాత లెమ్‌గ్రూబర్ అనే పెంపకందారు జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి మరో జత కొన్నాడు. యూరప్ నుంచి తెచ్చిన పశువులు అక్కడి ఎండకు, గోమార్లకు తట్టుకోలేకపోతే, నల్లని చర్మం మీద తెల్లని వెంట్రుకలున్న మన పశువు నాసిరకం గడ్డి తిని కూడా నిలబడింది. మనం దున్నడానికి, బండి లాగడానికి పెంచుకున్నదాన్ని వాళ్లు మాంసం కోసం పెంచారు. ఆ విషయంలో ఎవరి అభిప్రాయం వారిది, నేను రాస్తున్నది దాని గురించి కాదు.

వాళ్లూ ఒకప్పుడు తప్పు చేశారు. ఒంగోలు పశువులను గుజరాత్ జాతులైన గిర్, కాంక్రేజ్‌లతో కలగలిపి 'ఇందుబ్రెజిల్' అనే జాతిని తయారు చేసి, చెవులు ఎంత పొడుగుంటే అంత ధర పెట్టి కొన్నారు. ఆ మోజులో అచ్చమైన ఒంగోలు రక్తం పలచబడింది. 1938 నుంచి జాతుల వంశావళి పుస్తకం పెట్టుకుని, లక్షణాలు నిర్ణయించుకుని నిలదొక్కుకున్నారు. 1960ల మొదట్లో మళ్లీ మన దగ్గరికి వచ్చి మేలైన ఆబోతులను ఎంచి తీసుకెళ్లారు. అందులో ఒకదాని పేరు కర్వాది. ఒంగోలు పక్కనున్న మన కరవది ఊరి పేరే అది. ఈ రోజు బ్రెజిల్ మందల్లో దాని సంతతి ఎంతో ఉంది. అమెరికా వాళ్లు కూడా మన దేశపు నాలుగు జాతులను కలిపి 'బ్రాహ్మన్' పశువును తయారు చేసుకుని, 1924లో సంఘం పెట్టి నమోదు మొదలుపెట్టారు.

2023లో వియాతినా-19 అనే నెలోర్ ఆవు వాటా వేలంలో అమ్ముడైనప్పుడు మొత్తం ఆవు విలువ మన లెక్కలో సుమారు 36 కోట్ల రూపాయలు అని తేలింది. దాని బరువు 1,101 కిలోలు. మన ఒంగోలు ఆవు అని ఇక్కడ అందరం పొంగిపోయాం. ఆ ధర ఆవు ఒక్కదానికే కాదు, దాని వెనక రాసి ఉన్న తరాలకు కూడా కట్టిన ధర అని నాకు అనిపించింది.

మన పెద్దలకు ఈ విద్య తెలియక కాదు. ఇంటి పెద్ద పోతే ఆయన పేరున మంచి కోడెను ఎంచి, అచ్చువేసి ఊరికి వదిలేవారు. ఏ కోడె పనికొస్తుందో ఊరి పెద్దలు చూసి చెప్పేవారు. అది ఎవరి చేలో మేసినా కొట్టేవారు కాదు. ఊరి ఆవులన్నిటికీ అదే ఆబోతు, దాని పుట్టుక అందరికీ నోటికి వచ్చు. గుండ్లకమ్మ, మూసి, పాలేరు నదుల మధ్య ఈ జాతి అలాగే తయారైంది. ట్రాక్టర్ వచ్చింది, పశువుల బీళ్లు పోయాయి, పాల కోసం జెర్సీ వచ్చింది. అచ్చువేసిన ఆబోతు పోయింది. దాని జాగాలో కాగితమైనా రావాల్సింది. రాలేదు.

మూడేళ్ల కిందట మా ఆవు ఎదకొస్తే కట్టడానికి వీర్యం సూది వేయించాను. ఏ ఆబోతుదని అడిగితే "ఒంగోలుదే" అన్నారు. పుట్టిన దూడకు మూపురం జాడ లేదు, ఒంటి మీద ఎర్ర మచ్చలు. సూది వేసి పారేసిన స్ట్రా, అంటే వీర్యం ఉండే సన్నని గొట్టం మీద ఆబోతు నంబర్ ఉంటుందని నాకు ఆ తర్వాత తెలిసింది. దూడ చెవికి 12 అంకెల ట్యాగ్ ఉంది, తండ్రి పేరు మాత్రం ఎక్కడా లేదు.

పాల దిగుబడి కొలిచి మేలైన ఆవులను నమోదు చేసే కేంద్ర పథకం యూనిట్ ఒంగోలులో ఉంది. గుంటూరు పక్కనే లాం ఫారంలో ఈ జాతి మీద ఎన్నో ఏళ్లుగా పని జరుగుతోంది. ఆ పని రైతు కొట్టం దాకా రావాలి. సూది వేసిన ప్రతిసారీ స్ట్రా నంబర్ కార్డు మీద రాసి రైతు చేతికివ్వాలి, అదే నంబర్ చెవి ట్యాగ్ వివరాల్లో ఎక్కించాలి. బండలాగుడు పోటీలు పెట్టే కమిటీలు కూడా ఎడ్ల పేర్లతో పాటు ట్యాగ్ నంబర్, తండ్రి, తల్లి వివరాలు రాయించుకుంటే చాలు. ఆ రోజు బరిలో కనపడే బలం ఏ వంశంలో నడుస్తోందో పదేళ్లలో తెలిసిపోతుంది. దీనికి కోట్లు అక్కర్లేదు. లాం ఫారంలో తెలుగులో ఒక పుస్తకం తెరిచి, ఏ రైతైనా వెళ్లి చూసుకునేలా పెడితే ఎంతో మేలు.

ఈ వేసవిలో మా పెయ్య ఎదకొచ్చేలా ఉంది. ఈసారి స్ట్రా నా చేతిలోకి తీసుకుని, నంబర్ రాసుకున్నాకే సూది వేయిస్తాను. ఆ నంబర్ ఎక్కడికి తెచ్చి రాయించాలో పశుసంవర్ధక శాఖ అధికారులు చెప్పాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రైతు,
తాడికొండ మండలం, గుంటూరు జిల్లా