ఒకే పార్సెల్‌కి రెండుసార్లు కస్టమ్స్ డ్యూటీ, ఆపైన మీ కస్టమర్ కేర్ సేవలు

కస్టమర్ కేర్ వారికి, లేదా ఈ మెయిల్ చదివే బాట్ గారికి,

మా పాపకి మీ యాప్‌లో విదేశం నుంచి తెప్పించిన వయొలిన్ కమాను వంకరగా వచ్చింది. దాని గురించి కాదు ఈ మెయిల్. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి విజయనగరం మాకు గంటన్నర దూరం, అటు వెళ్ళినప్పుడు ఎవరో ఒకరికి చూపించుకుంటాం. నా బాధ ఆ కమాను కాదు, మీరు.

ఆర్డర్ పెట్టేటప్పుడు "డ్యూటీలు, ట్యాక్సులు అన్నీ కలిపి" అని పచ్చ టిక్కు పెట్టి మరీ 2,290 రూపాయలు విడిగా చూపించి తీసుకున్నారు. సరే అనుకున్నా. తీరా పార్సెల్ పట్టుకొచ్చిన కొరియర్ అబ్బాయి 2,880 కడితేనే ఇస్తానన్నాడు. అందులో డ్యూటీ అదే 2,290, హ్యాండ్లింగ్ ఫీజు 500, ఆ ఫీజు మీద మళ్ళీ జీఎస్టీ 90. ఆ అబ్బాయిని ఏమనడానికీ లేదు, ఎండలో వచ్చాడు, వాడి మెషీన్‌లో ఏముంటే అదే అడుగుతాడు. మంచినీళ్ళిచ్చి డబ్బులు కట్టి పంపించా, మీకు చెప్తే ఆ రోజే తేలిపోతుందని నా నమ్మకం మరి.

ట్యాక్స్ ఎందుకు వేశారని నేను అడగట్లేదు, అది ముందే చెప్తున్నా. వస్తువు రేటుకి షిప్పింగూ ఇన్సూరెన్సూ కలిపి దాని మీద కస్టమ్స్ డ్యూటీ, ఆ డ్యూటీ మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి, మళ్ళీ ఇవన్నీ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ. మీ ఏజెంట్లకి ఇది నేనే చెప్పాల్సొచ్చింది, కాబట్టి ఆ ట్రైనింగ్ ఫీజు కూడా మీరే బాకీ. గవర్నమెంటుకి ఒక్కసారి కట్టాల్సింది నా దగ్గర రెండుసార్లు ఎందుకు తీసుకున్నారన్నదే ప్రశ్న.

దీనికి మీ దగ్గర వచ్చిన జవాబులు వినండి. చాట్‌లో ఉన్న బాట్ "మీ బాధ అర్థమైంది" అని పువ్వు బొమ్మ పెట్టింది. ఫోన్‌లో తెలుగుకి నొక్కితే హిందీలో ఎత్తారు. ఆవిడ అది కొరియర్ వాళ్ళ విషయం అంది. కొరియర్ వాళ్ళకి చేస్తే మాకు సెల్లర్ డ్యూటీ కట్టలేదు మేడమ్, మీ యాప్ వాళ్ళనే అడగండి అన్నారు. మళ్ళీ మీకు చేస్తే ఈసారి ఇంకొకాయన కస్టమ్స్ వాళ్ళని అడగమన్నాడు, అంతటితో ఊరుకున్నాడా, "మీది వైజాగే కదా మేడమ్, పోర్టు మీ దగ్గరే ఉంటుంది, ఓసారి వెళ్ళి కనుక్కోండి" అని సలహా కూడా. అవునండీ, మా ఊళ్ళో పోర్టు ఉంది, నా పార్సెల్ ఓడెక్కి వచ్చి డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన లంగరేసిందనుకున్నాడేమో. మా పక్కింటి బాబాయిగారు పోర్టులోనే చేసి రిటైరయ్యారు, ఆయనకి చెప్తే పొట్ట పట్టుకుని నవ్వారు, ఎయిర్ పార్సెల్ వేరే ఊళ్ళోనే కస్టమ్స్ క్లియరై ఇక్కడికొస్తుందమ్మా అని.

అందరికంటే గొప్పాయన ఇంకొకడున్నాడు. చాలా గొంతు తగ్గించి, ఏదో దేవరహస్యం చెప్తున్నట్టు, "ఈసారి సెల్లర్‌తో గిఫ్ట్ అని రాయించుకోండి మేడమ్, డ్యూటీ పడదు" అన్నాడు. బాబూ, 5 వేల లోపు గిఫ్టులకి డ్యూటీ లేని రోజులు పోయి చాలా కాలమైంది. 2019 డిసెంబర్‌లోనే పోస్టులో గానీ కొరియర్‌లో గానీ గిఫ్ట్ పేరుతో డ్యూటీ లేకుండా తెప్పించడం ఆపేశారు, రాఖీలకీ ప్రాణాలు కాపాడే మందులకీ తప్ప. నేను తెప్పించింది రాఖీనా, మందా? కంపెనీ మనిషే కస్టమర్‌కి దొంగదారి చెప్తుంటే ఆ కాల్ "క్వాలిటీ కోసం రికార్డ్" అవుతుందన్నారుగా, తీసి వినండి.

చివరికి నేనడిగింది చిన్న కాగితం. డ్యూటీ నిజంగా కట్టుంటే కస్టమ్స్‌లో వేసే దిగుమతి పత్రం, అదే బిల్ ఆఫ్ ఎంట్రీ, ఉంటుంది కదా, ఆ కాపీ పంపండి, ఎవరు కట్టారో ఎంత కట్టారో అందులోనే తేలిపోతుంది అన్నా. దానికి నా ఆధార్, పాన్ పంపమన్నారు. పార్సెల్ రాకముందే కేవైసీకి అవన్నీ ఇచ్చాను. మళ్ళీ ఇచ్చా. ఫోటో మసగ్గా ఉందన్నారు, ఇంకోసారి ఇచ్చా. ఆ తర్వాత వచ్చిన మెసేజ్ ఏంటంటే "మీ సమస్య పరిష్కరించబడింది, మాకు ఐదు స్టార్లు ఇవ్వండి." ఎవరు పరిష్కరించారు, ఎప్పుడు, నాకు చెప్పకుండా? ఇంట్లో పెళ్ళి జరిగిపోయాక పెళ్ళికూతురికి కబురు పెట్టినట్టుంది మీ వరస.

నేనేం నిన్నగాక మొన్న వచ్చిన కస్టమర్‌ని కాదు. 2020 జూన్‌లో 59 చైనా యాప్‌లు బ్యాన్ చేసినప్పుడు షీన్, క్లబ్ ఫ్యాక్టరీ అన్నీ ఒక్క రాత్రిలో ఫోన్లలోంచి పోతే మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళందరికీ మీ యాప్ ఎక్కించింది నేను. రిఫరల్ పాయింట్లు మీరు సగం ఎగ్గొట్టినా ఏమీ అనలేదు. అప్పట్లో ఏది కనిపిస్తే అది కార్ట్‌లో వేసేవాళ్ళం, ఫోన్ కవర్లు, పిల్లల రంగులు, కుట్టుమిషన్ సామాన్లు. ఇప్పుడు అలా లేదు. చిన్న వస్తువులు తెప్పించడం మానేశాం, ఎందుకంటే 300 రూపాయల వస్తువుకి మీ హ్యాండ్లింగ్ ఫీజే అంతకంటే ఎక్కువ. ముందు జగదాంబలో, పూర్ణా మార్కెట్‌లో అడుగుతున్నాం, అక్కడ లేకపోతే డల్లాస్ నుంచి ఎవరి అబ్బాయి వస్తున్నాడో చూసి వాడి సూట్‌కేసులో చోటు అడుగుతున్నాం, పాపం ఆ పిల్లాడు వాళ్ళమ్మ కంటే మా లిస్టులకే ఎక్కువ భయపడుతున్నాడు. ఆ రెండూ కుదరకపోతేనే మీ దగ్గరకి. అదీ కార్ట్‌లో వేసి ముందు కాలిక్యులేటర్ తీసి షిప్పింగ్‌తో సహా డ్యూటీ లెక్కేసుకున్నాకే. ట్యాక్స్ కలిపే రేటు చూపిస్తున్నారు, ఇంటికొచ్చాక షాక్ ఉండదు అన్న ఒక్క ధైర్యంతోనే మీ దగ్గర మిగిలాం. ఆ ధైర్యం కూడా మీరే తీసేశారు.

ఇంకో విషయం. ఈ-కామర్స్ రూల్స్ 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు మీ గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మా సర్వర్ విదేశంలో ఉంది అంటే కుదరదు, ఇండియాలో కస్టమర్లకి అమ్ముతున్న వాళ్ళందరికీ ఆ రూల్ వర్తిస్తుంది. మీ సైట్‌లో ఆ ఆఫీసర్ గారి పేరు వెతికితే "త్వరలో" అని ఉంది. ఏటండీ ఇది, సినిమా పోస్టరా?

కాబట్టి నా 2,290, దానితో పాటు ఆ 590 కూడా, ఏ అకౌంట్ నుంచి పోయిందో అదే అకౌంట్‌కి రావాలి. మీ వ్యాలెట్‌లో కాయిన్లు వేసి దండం పెట్టొద్దు. బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ మెయిల్ చెయ్యండి. కమాను కూడా మార్చాలి నిజానికి, పోనీ అది చూద్దాం. రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తా, అక్కడితో ఆగను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తా, కొన్న వాళ్ళు ఉన్న ఊళ్ళోనే కేసు వెయ్యొచ్చు, 5 లక్షల లోపు దానికి ఫీజు కూడా లేదు. మీరే రావాలి వైజాగ్, దారి నేను చెప్తా, పోర్టు దగ్గరే.

జవాబు రాతలో, తెలుగులో ఇవ్వండి. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా పాప క్లాస్, ఆ టైంలో ఫోన్ చెయ్యొద్దు.

ఇట్లు,
మీరు ప్రతి మెసేజ్‌లోనూ "విలువైన కస్టమర్" అని పిలిచే,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం నివాసి