టీడీఎస్ మీటరులో ఫ్లోరైడ్ కనిపించదు

సంపాదకులకు నమస్కారం.

ఊళ్లలోని వాటర్ ప్లాంట్లలో క్యాను నింపేముందు ఓ చిన్న మీటరు నీళ్లలో ముంచి ‘చూడండి, టీడీఎస్ 290’ అని చూపిస్తుంటారు. జనం అదే శుద్ధికి రుజువనుకుంటున్నారు. ఆ మీటరు కొలిచేది నీటి విద్యుత్ వాహకతను. దాన్నిబట్టి నీటిలో కరిగిన లవణాలన్నీ కలిపి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో (అదే టీడీఎస్) అంచనా వేస్తుంది. ఎక్కువైతే పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ లీటరుకు రెండు, మూడు మిల్లీగ్రాములే ఉంటుంది కాబట్టి ఆ వందల లెక్కలో ఎక్కడా తేలదు.

మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. దాటకూడదు. వేరే నీటి వనరు లేకపోతేనే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆర్వో పొర (ఒత్తిడితో నీటిని వడగట్టి లవణాలను ఆపే పల్చటి పొర) బాగుంటే బోరు నీటిలోని 4 మి.గ్రా. ఫ్లోరైడ్ 0.3 దగ్గరికి దిగుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. నీళ్లు చప్పగా ఉన్నాయంటారని శుద్ధి చేసిన నీటిలో మళ్లీ బోరు నీళ్లే కలుపుతారు. 75 లీటర్లకు 25 లీటర్లు కలిపితే ఫ్లోరైడ్ 1.2 అవుతుంది. 60కి 40 కలిపితే దాదాపు 1.8. బోరు నీటి టీడీఎస్ వెయ్యి, ఆర్వో నీటిది 50 అనుకుంటే, ఆ రెండో మిశ్రమంలోనూ మీటరు 430 చూపిస్తుంది. తాగునీటి టీడీఎస్‌కు పెట్టిన 500 హద్దు లోపే కాబట్టి అందరికీ సంతోషం! ఇళ్లలోని ప్యూరిఫయర్లకుండే టీడీఎస్ కంట్రోలర్ చేసేదీ ఈ కలుపుడే.

మీటరు అసలే పనికిరాదని కాదు. కలపకముందు ఆర్వో నీటి టీడీఎస్‌ను రోజూ రాసిపెట్టుకుంటే, అది పెరుగుతున్నప్పుడు పొర పాడైందో, ఓ-రింగు (నీరు కారకుండా బిగించే రబ్బరు చుట్టు) దగ్గర బోరు నీరు లోపలికి జారుతోందో పట్టుకోవచ్చు. రుచి కోసమైతే కాల్షియం, మెగ్నీషియం ఇచ్చే కార్ట్రిడ్జ్ పెట్టాలి, లేదా ఫ్లోరైడ్ తక్కువున్న నది నీరు కలపాలి. నల్గొండ ప్రాంతంలో మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి. వాటితో గిన్నెలు తోముకుని, తాగడానికి బోరు నీటి క్యాన్లు కొనుక్కోవడం తలకిందుల వ్యవహారం.

ప్లాంటు వదిలేసే నీటి సంగతి ఎవరూ అడగరు. సగం నీరు శుద్ధి అయి సగం బయటికి పోతే, పోయే నీటిలో ఫ్లోరైడ్ దాదాపు రెట్టింపు ఉంటుంది. దాన్ని బోరు పక్కనే గుంతలోకి వదిలితే అది మళ్లీ అదే బోరుకు చేరే ప్రమాదముంది.

ఇంట్లో కాచినా, క్యాండిల్ ఫిల్టరులో పోసినా, యూవీ లైటు పెట్టినా ఫ్లోరైడ్ పోదు. కాచితే నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. బిందెలో పటిక గడ్డ నాలుగుసార్లు తిప్పితే మడ్డి దిగుతుంది, అంతే. పటికతో ఫ్లోరైడ్ తీయాలంటే మోతాదు కావాలి. నాగపూర్‌లోని ‘నీరి’ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించిన నల్గొండ విధానం అదే. జిల్లా పేరు దేశదేశాలకూ పాకింది గానీ మోతాదు జిల్లాలోనే చాలామందికి తెలియదు. లీటరుకు ఫ్లోరైడ్ 3, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) 300 మి.గ్రా. ఉన్న నీటికి లీటరుకు సుమారు 350 మి.గ్రా. ఆలం అనే పటిక పడుతుంది. అంటే 40 లీటర్ల బకెట్‌కు 14 గ్రాములు, సున్నం అందులో ఇరవయ్యో వంతు, చిటికెడు బ్లీచింగ్ పౌడర్. పది నిమిషాలు నెమ్మదిగా కలిపి, గంటకు పైగా కదపకుండా ఉంచాలి. అడుగున మడ్డి ఉంటుంది కాబట్టి కుళాయి నాలుగైదు సెంటీమీటర్ల పైన ఉండాలి. ఈ లెక్క నీటి శుద్ధి కేంద్రాల్లో వాడే ఆలం, అంటే అల్యూమినియం సల్ఫేట్‌కు సంబంధించింది. కిరాణా పటికలో అల్యూమినియం తక్కువ. క్షారత తెలియకుండా ఆలం ఎక్కువ వేస్తే నీరు పుల్లబడి, కరిగిన అల్యూమినియం తాగే నీటిలోనే మిగులుతుంది. దానికి గరిష్ఠ పరిమితి లీటరుకు 0.2 మి.గ్రా. మాత్రమే.

పరీక్షకు నమూనాను గాజు సీసాలో కాక ప్లాస్టిక్ సీసాలో పట్టాలి, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది. ఆలం వేసిన నీటికి రంగు మారే కిట్లను నమ్మవద్దు. మిగిలిన అల్యూమినియం రంగును తప్పుదారి పట్టిస్తుంది. ప్రయోగశాలలో ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్‌తో కొలిపించాలి.

పంచాయతీలు ప్లాంట్లకు అనుమతులిచ్చేటప్పుడు ఒక్క షరతు పెట్టాలని కోరుతున్నాం. బోరు నీటిలోనూ, అన్నీ కలిపాక క్యానులోకి దిగే నీటిలోనూ ఫ్లోరైడ్ ఎంతుందో నెలనెలా పరీక్ష చేయించి, తేదీతో సహా ప్లాంటు గోడ మీద రాయించండి.

– కొందరు పాఠకులు, నల్గొండ