అనంతపురం చీకటిని కాపాడండి: శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నేను కళ్యాణదుర్గం ప్రాంతంలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. లడఖ్‌లోని హాన్లేలో మేస్ (MACE) అనే గామా కిరణాల టెలిస్కోప్‌ను 2024 అక్టోబర్ 4న ప్రారంభించినప్పటి నుంచి మా క్లాసులో ఒకటే ప్రశ్న: "సార్, ఇట్లాంటివి మన దగ్గర పెట్టరా?"

ముందు ఉన్న మాట చెప్పేస్తాను. హాన్లే దాదాపు 4,300 మీటర్ల ఎత్తున ఉంది. మన కొండలకు అంత ఎత్తు లేదు. అందుకే ప్రపంచ స్థాయి టెలిస్కోప్ ఇక్కడ కట్టమని నేను అడగను. పిల్లలు చేతులు పెట్టి నేర్చుకునే చిన్నది అడుగుతున్నాను.

గామా కిరణం అంటే కంటికి కనబడని, చాలా ఎక్కువ శక్తి ఉన్న వెలుగు. అంతరిక్షం నుంచి వచ్చే ఆ కిరణం నేల దాకా రాదు. పైన గాలిని ఢీకొని కణాల జల్లుగా మారుతుంది. గాలిలో వెలుగు పోయే వేగం కంటే ఆ కణాలు వేగంగా దూసుకొస్తాయి కాబట్టి నీలి మెరుపు పుడుతుంది. దాన్ని చెరెంకోవ్ కాంతి అంటారు. అది ఉండేది కొన్ని నానోసెకన్లే (సెకనులో వంద కోట్లో వంతు ఒక నానోసెకను). కానీ నేల మీద సుమారు 120 మీటర్ల వ్యాసార్థం మేర పరుచుకుంటుంది, ఆ పరిధిలో ఎక్కడ అద్దం పెట్టినా చిక్కుతుంది. నాలుగైదు చోట్ల నుంచి ఒకే మెరుపును చూస్తే అది ఏ దిక్కు నుంచి వచ్చిందో కచ్చితంగా తేలుతుంది. స్పెయిన్ దీవి లా పాల్మాలో, దక్షిణ అమెరికాలోని చిలీలో కలిపి అరవైకి పైగా టెలిస్కోప్‌లు కట్టాలని ప్రపంచ దేశాలు పూనుకున్నది ఇందుకే.

మరి చిన్న ఊళ్లో ఏం చేయగలం అంటారా? 1952లో ఇంగ్లండ్‌లో గాల్‌బ్రైత్, జెల్లీ అనే ఇద్దరు ఒక చెత్తడబ్బాలో 25 సెంటీమీటర్ల అద్దం, దాని ముందు ఒక ఫొటోమల్టిప్లయర్ ట్యూబు (అతి మసక వెలుగును కూడా పసిగట్టే గొట్టం) బిగించి, కాస్మిక్ కిరణాల జల్లుల మెరుపులు పట్టుకున్నారు. కాస్మిక్ కిరణాలంటే అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలు, ఇవీ గాలిలో ఇలాంటి జల్లులే పుట్టిస్తాయి. అక్కడ పెద్ద ఎత్తూ లేదు, మన లాంటి తేట ఆకాశమూ లేదు. 21 మీటర్ల వెడల్పున్న మేస్‌ను సైతం ముందు హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లోనే బిగించి చూసి, విప్పి హాన్లేకు తీసుకెళ్లారు. ఈ పని తెలిసిన చేతులు మనకు దూరంగా లేవు. జిల్లాలోని యూనివర్సిటీలు, కాలేజీలు కలిసి ఒక కొండ మీద మూడు నాలుగు చిన్న టెలిస్కోప్‌లు నిలిపేలా నిధులిప్పించండి. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం), టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) వాళ్లను మార్గదర్శకులుగా పిలిపించండి. వాటితో మొదట చిక్కేవి కాస్మిక్ కిరణాలే. గామా కిరణాలను విడదీసి గుర్తించడం కష్టం, పిల్లలు ఆ కష్టం ఇక్కడే నేర్చుకోవాలి.

రెండో విన్నపం చీకటి గురించి. మా మిద్దె మీద పడుకుంటే ఇప్పటికీ పాలపుంత కనిపిస్తుంది, కానీ హైవే వైపు సగం ఆకాశం తెల్లబారిపోయింది. హైమాస్ట్ లైట్లు వద్దనడం లేదు. రాత్రి కరెంటుకు మోటరు వేయడానికి పొలం పోయే రైతుకు, పాము భయానికైనా, వెలుతురు కావాలి. ఆ వెలుతురు నేల మీద పడితే చాలు. లైట్లకు పైన మూతలు పెట్టించండి, కొండ చుట్టూ కొంత మేరకు రూలు పెట్టండి. హాన్లే చుట్టూ 2022లో డార్క్ స్కై రిజర్వ్ (రాత్రి చీకటిని కాపాడే ప్రాంతం) ప్రకటించాక అక్కడి ఊళ్లవాళ్లే లైట్లు సర్దుకున్నారు, టెలిస్కోప్‌లతో యాత్రికులకు ఆకాశం చూపించి నాలుగు డబ్బులు సంపాదిస్తున్నారు. వానలు ఎగ్గొట్టిన మన జిల్లాకు అలాంటి ఆదాయం చేదా?

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా రాత్రులు తేటగా ఉంటాయి. ఆ నెలల్లో మీ శాఖ నుంచి ఒక అధికారిని, అమావాస్య దగ్గర్లో పంపండి. కొండ ఎక్కించి చూపించడానికి మా పిల్లలు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ అధ్యాపకుడు,
అనంతపురం జిల్లా