ఫిల్మ్ సొసైటీ వార్షిక నివేదిక: పొలిమేర సినిమాల ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశం ముందు కార్యదర్శి నివేదిక ఉంచాలని నియమావళి చెబుతోంది కాబట్టి ఉంచుతున్నాం. సొసైటీ ఆశయాలు మీకు తెలిసినవే. నెలవారీ ప్రదర్శనలు ఆగలేదు, బాలల చిత్రాల వారం బాగానే జరిగింది. ఈ ఏడాది అసలు పనంతా అమెరికా కౌబాయ్ సినిమాల వరుస మీదే పోయింది. అందుకే ఈ కాగితాల్లో ఎక్కువ భాగం దానిదే.

పేరు దగ్గరే తగువు మొదలైంది. తెల్లవాళ్ల వలస అప్పటికి చేరిన అంచును ఇంగ్లిష్‌లో ‘ఫ్రాంటియర్’ అంటారు. దాన్ని ‘సరిహద్దు’ అంటే కంచె, కాపలా సిపాయి గుర్తొస్తారు. చివరికి ‘పొలిమేర’ ఖాయం చేశాం. మన పొలిమేర అవతల ఇంకో ఊరుంటుంది, దానికో పేరూ మనుషులూ ఉంటారు. ఈ సినిమాల్లో అవతల అంతా ఖాళీ నేలే. అక్కడున్న వాళ్లు మబ్బుల్లా, తుఫానులా కొండ మీద కనబడతారు. ఈ తేడా పట్టుబడితే వరుస సగం అర్థమైనట్టే.

మొదటి కార్యక్రమంలో కథాచిత్రం వేయలేదు, ఈ సినిమాల వెనకున్న చరిత్ర చెప్పుకున్నాం. అమెరికాలో పొలిమేర గీత ఇక లేదని 1890 జనాభా లెక్కలు తేల్చాయి. 1893లో షికాగోలో చరిత్రకారుడు ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ ఆ పొలిమేరే అమెరికన్ల స్వభావాన్ని మలిచిందని వ్యాసం చదివాడు. అదే ఏడాది అక్కడి ప్రపంచ ప్రదర్శన మైదానం పక్కనే బఫెలో బిల్ అనే ప్రదర్శనకారుడు కౌబాయ్‌లతో, స్థానిక తెగల వాళ్లతో టికెట్ పెట్టి ‘వైల్డ్ వెస్ట్’ ఆట ఆడించాడు. 1894లో ఆ బృందంలోని స్థానిక తెగల వాళ్లను న్యూజెర్సీలోని ఎడిసన్ స్టూడియోకు తీసుకెళ్లి ‘ఘోస్ట్ డాన్స్’ పేరుతో కొన్ని సెకన్ల ముక్క తీశారు. ఘోస్ట్ డాన్స్ ఆ తెగల మత నృత్యం. దాన్ని తిరుగుబాటుగా చూసిన ప్రభుత్వం సైన్యాన్ని దించితే, 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ దగ్గర లకోటా తెగ ఆడవాళ్లూ పిల్లలూ కూడా చనిపోయారు. నాలుగేళ్లు నిండకముందే అదే నృత్యం కెమెరా ముందు వినోదమైంది. తుపాకీ గురి తప్పని ఆనీ ఓక్లీని కూడా ఆ ఏడాదే, ఆ స్టూడియోలోనే తీశారు. సినిమా నేర్చుకున్న ఓనమాల్లోనే జాతీ ఉంది, ఆడదీ ఉందని చూపడం మా ఉద్దేశం. ఈ రోజు కుర్చీలు ఎక్కువ, జనం తక్కువ. వస్తామని పేరిచ్చిన సభ్యులు ఎందుకు రాలేదో వారికే తెలియాలి.

గర్వంగా చెప్పుకోవలసింది జాన్ ఫోర్డ్ ‘ది సెర్చర్స్’ (1956) ప్రదర్శన. కొమాంచీ తెగవాళ్లు ఎత్తుకుపోయిన అమ్మాయి కోసం ఆమె బాబాయి ఈథన్, ఆ ఇంట్లో పెరిగిన మార్టిన్ ఏళ్లతరబడి వెతికే కథ ఇది. ఈ 119 నిమిషాల చిత్రానికి మొదటి నుంచి చివరి దాకా తెలుగు సబ్‌టైటిళ్లు మన సభ్యులే చేశారు. వచ్చే ఏడాది ఈ పనికి దిగేవారి కోసం వివరంగా రాస్తున్నాం.

మేం ఆధారంగా తీసుకున్న ఇంగ్లిష్ ఫైలు సెకనుకు 25 ఫ్రేముల కాపీకి కట్టింది. మన కాపీ 23.976 ఫ్రేములది. దాంతో గంటకు దాదాపు రెండున్నర నిమిషాలు తేడా వచ్చింది. మాట తెర మీదికి ముందొచ్చేది, మనిషి నోరు తర్వాత కదిలేది. అన్ని లైన్లనూ ఇన్ని సెకన్లని వెనక్కి జరిపితే మొదట్లో కుదురుతుంది, అరగంటకు మళ్లీ తప్పుతుంది. ప్రతి సమయాన్నీ 1.0427తో గుణించాలి. ఇది కనిపెట్టడానికి రెండు ఆదివారాలు పోయాయి. పాత డీటీపీ ఫాంటులో కొట్టి తెచ్చిన భాగాలు తెర మీద పిచ్చిగీతలయ్యాయి. యూనికోడ్‌లో కొట్టి, యూటీఎఫ్-8గా దాచిన ఫైలు తప్ప ఏదీ తీసుకోం. తెలుగుకు ఇంకో చిక్కుంది. పై వరస వత్తులు కింది వరస గుడులను తన్నుతాయి. వరసల మధ్య ఖాళీ పెంచి, రెండు వరసలకు మించకుండా చూసి, చివరికి అక్షరాలను బొమ్మలోనే అచ్చువేయించాం. ప్లేయర్‌ను నమ్ముకుంటే హాల్లో అక్షరాల బదులు డబ్బాలు కనబడతాయి.

మాటల చిక్కు ఇంతకంటే పెద్దది. కథానాయకుడు ఈథన్ నోట వచ్చే జాతి తిట్లను మెత్తబరచాలని కొందరు, వద్దని కొందరు. మెత్తబరిస్తే జాన్ వేన్ పాత్ర మంచివాడైపోతుంది, సినిమా వెన్ను విరుగుతుంది. అందుకే పాత్ర నోట తిట్టును తిట్టుగానే ఉంచాం. మన కరపత్రంలో మాత్రం ‘రెడ్ ఇండియన్’ అని ఒక్కచోట కూడా రాయలేదు. కొమాంచీ, నవాహో అని తెగల పేర్లే రాశాం. రెండు జాతుల తల్లిదండ్రులకు పుట్టినవాణ్ని తిట్టే ‘హాఫ్ బ్రీడ్’ మాటకు సబ్‌టైటిల్‌లో ఎవరో ‘సంకరజాతి’ అని రాశారు. ఆ మాటలో మన కులం వాసన కొడుతుందని ఒప్పుకుంటూనే ఉంచేశాం. వాసన కొట్టడమే సరి అనిపించింది.

మార్టిన్ దుప్పటి కొంటున్నాననుకుని తెలియక కొమాంచీ అమ్మాయిని భార్యగా కొనుక్కునే ఘట్టం ఉంది. ఆమెకేదో నచ్చజెప్పబోయి ‘లుక్’ అంటాడు. ఆమె అదే తన పేరనుకుంటుంది. తెలుగులో ‘లుక్’ అని వదిలేస్తే సంగతి పోతుంది, ‘చూడు’ అంటే పేరులా లేదు. ‘ఇదిగో’ అని పెట్టాం. పెళ్లాన్ని పేరుతో పిలవని ఇళ్లలో పుట్టినవాళ్లం కదా, హాలంతా గొల్లుమంది. అతను ఆమెను కాలితో తన్ని వాలు మీంచి దొర్లించినప్పుడు ఇంకా నవ్వారు. కాసేపటికి సైన్యం తగలబెట్టిన గూడెంలో ఆమె శవం కనబడగానే హాలు చప్పబడిపోయింది. చర్చ గంటన్నర నడిచింది, తాళం వేయాలని వాచ్‌మన్ రెండుసార్లు వచ్చాడు. నవ్వించింది సినిమానా, మన అలవాటా అన్నది తేలలేదు.

కరపత్రంలో ఇంకా ఏమేం రాశామో రానివారి కోసం: కథ టెక్సస్‌ది, కొండలు మాత్రం అరిజోనా–యూటా అంచున నవాహోల నేల మీదున్న మాన్యుమెంట్ వ్యాలీవి. కొమాంచీ నాయకుడిగా వేసిన హెన్రీ బ్రాండన్ పుట్టింది బెర్లిన్‌లో. వెనక గుర్రాల మీద కనిపించే కొమాంచీలు నిజానికి నవాహోలు. ‘బ్రోకెన్ యారో’ (1950)లో తెల్లవాడికీ అపాచీ తెగ అమ్మాయికీ పెళ్లవుతుంది, పెళ్లికూతురు చనిపోతుంది. ఆ వేషం కట్టిన డెబ్రా పేజెట్‌కు చిత్రీకరణ నాటికి పదహారేళ్లు నిండలేదు, పక్కన జేమ్స్ స్టూవర్ట్‌కు నలభై దాటాయి.

కెల్లీ రైకార్ట్ ‘మీక్స్ కటాఫ్’ (2010) ప్రదర్శనలో తప్పులు మనవే. 1845లో పడమటికి వలసపోయేవాళ్ల ఆరెగాన్ బాటలో బళ్లతో నడిచే ఆడవాళ్ల కథ ఇది. బొమ్మ దాదాపు చదరంగా, 1.33 నిష్పత్తిలో ఉంటుంది. మొహానికి రెండు పక్కలా అడ్డుగా ఉండే బానెట్ టోపీలోంచి చూసినట్టు ఉండాలనే దర్శకురాలు అలా తీసింది. పక్కన నల్లపట్టీలు బాగాలేవని ప్రొజెక్టర్ దగ్గరున్న వలంటీరు ‘ఫుల్ స్క్రీన్’ నొక్కాడు. మనుషులు మూడో వంతు అడ్డంగా సాగారు, టోపీ చూపు కాస్తా పోయింది. మగవాళ్లు దూరంగా నిలబడి దారి గురించి మాట్లాడుకుంటుంటే ఆడవాళ్లకు గొణుగుడే వినబడే చోట ఇంకొకరు సౌండు పెంచారు. ఆ మాటలకు సబ్‌టైటిల్ వేయొద్దని, పట్టుబడిన స్థానికుడి మాటలకు అసలు వేయొద్దని ముందే రాసి అంటించాం. బళ్లవాళ్లకు అర్థం కానిది మనకెందుకు అర్థం కావాలి? ఇకపై ప్రదర్శన ముందు రోజు పది నిమిషాల పరీక్ష తప్పనిసరి. నిష్పత్తి, సౌండు స్థాయి కాగితం మీద రాసి ప్రొజెక్టర్‌కు అంటించాలి.

ఇద్దరు ఆడవాళ్ల మధ్య తుపాకీ పోరుతో ముగిసే ‘జానీ గిటార్’ (1954) కూడా వేశాం. వచ్చినవారికి నచ్చింది.

చివరి కార్యక్రమం మన వైపుది. హాలీవుడ్, ఇటలీ కౌబాయ్‌ల దారిలో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ 1971లో చేసిన ‘మోసగాళ్లకు మోసగాడు’ గురించి మాట్లాడుకున్నాం. అక్కణ్నుంచి చర్చ మన పాత సినిమాల అడవి పాటల మీదికి మళ్లింది. తల మీద ఈకలు, ఆకుల లంగాలు, అర్థం లేని కూతలు. కోయ ఒక ద్రావిడ భాష, గోదావరి గట్టున ఇప్పటికీ మాట్లాడుతున్నారు. ఆ కూతలు ఏ భాషవో ఎవరూ చెప్పలేకపోయారు. ఫోర్డ్ ‘షయెన్ ఆటమ్’ (1964)లో షయెన్ తెగవాళ్లుగా వేసిన నవాహోలు తమ భాషలోనే మాట్లాడారు, దర్శకుడికి తేడా పట్టలేదు. మనకూ పట్టలేదు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి జతచేశారు. హాలు అద్దె, ప్రదర్శన హక్కుల రుసుము పెరిగాయి, విరాళాలు పెరగలేదు. చందా బకాయిదారులు తమను తాము ఎరుగుదురు. హాలు కోసం సంబంధిత కార్యాలయానికి నాలుగుసార్లు వినతి ఇచ్చాం, నాలుగో కాపీ కూడా కనబడలేదన్నారు.

గ్రంథాలయ సిబ్బందికి, వేళ దాటినా విసుక్కోని వాచ్‌మన్‌కు, కరపత్రం తక్కువకు అచ్చువేసిన ప్రెస్సు వారికి, టీ పంపిన ఇళ్లకు, జనరేటర్ మోసుకొచ్చిన విద్యార్థులకు కృతజ్ఞతలు. సబ్‌టైటిళ్లకు పేరిచ్చిన పన్నెండు మందిలో చివరిదాకా కూర్చున్నది ముగ్గురు. వారికి విడిగా నమస్కారం.

వచ్చే ఏడాది నల్లజాతి కౌబాయ్‌ల వరుస అనుకున్నాం. సిడ్నీ పోయిటియర్ దర్శకుడిగా తీసిన మొదటి చిత్రం ‘బక్ అండ్ ది ప్రీచర్’ (1972)తో మొదలు. అనువాదానికి కనీసం ఐదుగురు కావాలి. యూనికోడ్ కీబోర్డు వచ్చినవారే పేరివ్వండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి