మసాయి కర్ర

రాజమండ్రి,
శనివారం

బుజ్జితల్లికి అమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి ఇల్లు చేరాం. నువ్వు ఫోన్లో "ఎలా ఉందమ్మా ట్రిప్పు?" అన్నావు, నేను "బాగుందే" అన్నాను, ఈలోపే నిన్ను వార్డులోకి పిలిచారు. నీ పీజీ అయ్యేదాకా మన మాటలన్నీ ఇలా సగంలోనే తెగుతాయి. అందుకే కాగితం తీశాను. పైగా ఇందులో ఒక సంగతి మీ నాన్నగారు పక్కగదిలో ఉండగా ఫోన్లో చెప్పేది కాదు.

ముందు నీ గొప్ప ఒకటి చెప్పాలి. నువ్వు పట్టుబట్టి వేయించిన ఎల్లో ఫీవర్ టీకా కార్డు తిరిగొచ్చేటప్పుడు హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో అడిగారు. వెనకాయన దగ్గర లేదట, పక్కన కూర్చోబెట్టారు. "నయం, డాక్టరమ్మ మాట విన్నాం" అన్నాను. మీ నాన్నగారు ఔననలేదు గానీ, కాదనీ అనలేదు. ఆపరేషన్ అయ్యాక నువ్వు కొరియర్లో పంపిన నాలుగు కాళ్ళ స్టిక్కు గుర్తుందిగా? "అప్పుడే నన్ను ముసలాణ్ణి చేసి మూల కూర్చోబెడుతోంది" అని దాన్ని బీరువా వెనక పడేసిన రోజు నుంచి, నీ ఫోన్ వస్తే నా చేతికివ్వడమే తప్ప ఆయన మాట్లాడింది లేదు. ఆ బెంగ పెట్టుకునే విమానం ఎక్కాను.

కెన్యా రాజధాని నైరోబీలో దిగిన రెండో రోజే రైల్వే మ్యూజియం చూడాలన్నారు. ముప్పై అయిదేళ్ళు రైల్వేలో చేసిన మనిషి, ఇంకెక్కడికి వెళ్తారు? మొంబాసా నుంచి నైరోబీ మీదుగా పోయే ఆ మీటర్ గేజి లైను 1896లో మొదలై 1901కి పూర్తయింది. పట్టాలు పరిచిన కూలీలు ముప్పై వేలమందికి పైగా మనదేశం నుంచే వెళ్ళారు, ఎక్కువమంది పంజాబు వాళ్ళు. దాదాపు రెండున్నర వేలమంది తిరిగి ఇల్లు చూడలేదు. ఆ మ్యూజియంలో ఒక పాత రైలు పెట్టె ఉంది. 1900లో కిమా అనే స్టేషన్లో మనుషుల్ని తింటున్న సింహాన్ని కాల్చడానికి ఒక పోలీసు అధికారి రాత్రి ఆ పెట్టెలో కాపు కాశాడు. కాస్త కునుకు పట్టింది. సింహమే లోపలికి ఎక్కి ఆయన్ని కిటికీలోంచి ఈడ్చుకుపోయింది. మీ నాన్నగారు ఆ కిటికీ ముందు ఎంతసేపు నిలబడ్డారో! ఆ కథ వల్ల తర్వాత నాకు నిద్ర లేకుండా పోతుందని అప్పుడు తెలియదు.

మసాయి మారా అభయారణ్యానికి చిన్న విమానంలో ముక్కాలు గంటట. మీ నాన్నగారు దారి చూడాలన్నారు, కారులోనే వెళ్ళాం. గంట దాటాక రోడ్డు పక్కన నేల ఒక్కసారిగా కిందికి దిగిపోయింది. రిఫ్ట్ లోయ! బోర్డు మీద సుద్దముక్కతో రెండు గీతలు గీసి, "ఇక్కడ భూమి పగిలింది, రాసుకోండి" అని ఎన్ని బ్యాచిలకు చెప్పానో. ఆ పిల్లలందర్నీ పిలిచి క్షమాపణ చెప్పాలనిపించింది. నరోక్ అనే ఊరు దాటాక గోధుమ చేలు, ఆ తర్వాత గడ్డి. కనుచూపు మేరా గడ్డే. మధ్య మధ్య మన తుమ్మచెట్టు నెత్తిన ఎవరో చేత్తో అదిమినట్టు గొడుగుల్లాంటి చెట్లు. చివరి మట్టి రోడ్డు కుదుపులకి డ్రైవరు "ఆఫ్రికన్ మసాజ్, ఫ్రీ" అని నవ్వాడు. మీ నాన్నగారు మోకాలిని రెండు చేతులా పట్టుకు కూర్చున్నారు. నొప్పి అని మాత్రం అనలేదు.

గేటు దగ్గర టికెట్టు విదేశీయులకు మనిషికి 200 డాలర్లు. అదీ పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే. జూన్ దాకా అందులో సగమేనట, జులై నుంచి సీజను. మీ నాన్నగారు అక్కడికక్కడే లెక్క కట్టి "పదిహేడు వేలు దాటింది, ఇంకా ఒక్క జింకనీ చూళ్ళేదు" అన్నారు. మీ అన్నయ్య విననట్టు ఊరుకున్నాడు. అక్కడివాళ్ళు "గారి, గారి" అంటుంటే తనను మర్యాదగా పిలుస్తున్నారనుకుని ఈయన రెండుసార్లు వెనక్కి తిరిగారు కూడా. స్వాహిలీలో గారి అంటే బండి. మన గాడీయే సముద్రం దాటి వెళ్ళి అలా మారింది. వదిన నవ్వు ఆపుకోలేక కారు వెనక్కి వెళ్ళిపోయింది.

క్యాంపు తాలెక్ నది ఒడ్డున. టెంట్ అంటే నాకు పెళ్ళి షామియానాయే తెలుసు. ఇది మందపాటి కాన్వాసు గది. లోపల కొయ్య మంచాలు, దోమతెర, వెనక జిప్పు తీస్తే బాత్రూము. తలుపు లేదు, తాళం లేదు, అంతా జిప్పులే. పళ్ళూ బిస్కెట్లూ లోపల ఉంచొద్దన్నారు, కోతులకు జిప్పు తీయడం వచ్చట. స్టీలు డబ్బాలో తెచ్చుకున్న కందిపొడి కూడా వంటవాళ్ళకే అప్పజెప్పాను. ఆ జిప్పేమో నేల దాకా ఉంటుంది, చివరి జానెడు వంగి లాగాలి. మొదటి సాయంత్రం మీ నాన్నగారు వంగబోయి, సగంలో ఆగి, కాన్వాసు పట్టుకుని నిలబడిపోయారు. బంటిగాడు పరుగెత్తుకొచ్చి "నేను వేస్తా తాతయ్యా, ఇది నా డ్యూటీ" అన్నాడు. ఆ మూడు రోజులూ వాడిదే డ్యూటీ. ఆ "సగంలో ఆగడం" నువ్వు చూసుంటే ఇంకో నాలుగు మందులు రాసేదానివి.

స్నానం సంగతి రాయకపోతే ఎలా! పైన కాన్వాసు సంచి. బయట ఒకబ్బాయి కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్ళు బకెట్టుతో తెచ్చి అందులో పోస్తాడు. "రెడీ, మామా?" అని బయటినుంచి కేక. అక్కడ పెద్దావిణ్ణి మామా అంటారు, అమ్మ అని. మధ్యలో ఉన్నది ఒక్క గుడ్డ. నేను ఒంటి నిండా సబ్బుతో ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. వాడు పోశాక గొలుసు లాగితే నీళ్ళు, వదిలితే బంద్. ఒక్క బకెట్టుతో తలస్నానం అయిపోయింది! ఇక్కడ మోటారు వేసి ట్యాంకు పొంగించే మీ నాన్నగారికి అదే చెప్పాను.

భోజనం బానే ఉంది. చపాతీని వాళ్ళూ చపాతీ అనే అంటారు, చిక్కుడు గింజల కూర, ఉగాలి అని మొక్కజొన్న పిండితో మన సంకటి లాంటిది.

అసలు కథ రాత్రిది. క్యాంపుకి కంచె లేదు. చీకటి పడ్డాక టెంట్ దాటి ఒక్క అడుగు కూడా ఒంటరిగా వేయకూడదు. టార్చి ఊపితే కాపలావాడు వస్తాడు, అస్కారీ అంటారు. మాకు వచ్చినవాడు అక్కడి మసాయి తెగ కుర్రాడు, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, ఎర్రదుప్పటి కప్పుకుని, చేతిలో పొడుగాటి కర్ర. మొదటి రాత్రి "నేను నడవలేనా?" అని మీ నాన్నగారు వాడికన్నా ముందు నడిచారు. రాళ్ళు పరిచిన దారి. రెండుసార్లు తూలారు. వాడు చెయ్యి చాపాడు, ఈయన చూడనట్టు పోయారు.

ఆ రాత్రి పక్కలో పెట్టిన వేణ్ణీళ్ళ సంచి తగిలి నేను పాము అనుకుని అరవడం, అందరూ లేవడం, అదొక గలాటా. ఆగస్టులో అక్కడ అంత చలి వేస్తుందని ఎవరనుకుంటారు! బంటి నిద్ర చెడి కథ చెప్పమన్నాడు. మీ నాన్నగారు ఏం చెప్పారో తెలుసా? ఆ కిమా సింహం కథ! రైలు పెట్టెలోంచే లాక్కుపోయింది అని. వాడు గుడ్డ గోడని ఒకసారి వేలితో నొక్కి చూసి, మా ఇద్దరి మధ్యకి దూరాడు. సరిగ్గా అప్పుడు దూరంగా సింహం. గర్జన అంటే సినిమాలో లాగా కాదే, ఖాళీ గాబులోకి ఎవరో మూలిగినట్టు, ఆగి ఆగి. ఎనిమిది కిలోమీటర్ల దాకా వినిపిస్తుందట. ఆ లెక్క నాకు తెల్లారాక చెప్పారు. బంటి పది నిమిషాల్లో పడుకున్నాడు. కథ చెప్పినాయన మాత్రం తెల్లవార్లూ కళ్ళు తెరిచే ఉన్నారు. నేను చూశాను.

మర్నాడు మారా నది దగ్గర మూడు గంటలు కాశాం. ఏటా లక్షల కొద్దీ వైల్డ్‌బీస్టులు టాంజానియా వైపు నుంచి గడ్డి వెతుక్కుంటూ ఇటు వస్తాయని, నది ఈదేటప్పుడు మొసళ్ళు పట్టుకుంటాయని టీవీలో చూశాంగా. గుర్రం మొహం, ఎద్దు కొమ్ములు, మేక గడ్డం, దేవుడు మిగిలిన ముక్కలతో చేసినట్టుంటుంది ఆ జంతువు. వేలల్లో ఒడ్డుదాకా వచ్చాయి. ముందున్నది నీళ్ళలోకి చూసింది, వెనకవి తోశాయి, అది వెనక్కి తిరిగింది, అన్నీ తిరిగాయి. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ తిరిగాయి. అంతే, ఒక్కటీ దాటలేదు. నాకైతే మంచిదే అనిపించింది, మొసలి నోట్లో ఒకటి పడితే చూసే గుండె నాకు లేదు. అక్కడ బండి దిగకూడదు. తప్పనిసరైతే గైడు నాలుగు వైపులా చూసి, బండి వెనక దింపుతాడు. దానికి "టైర్లు చెక్ చేయడం" అని పేరు. నేను రెండుసార్లు చెక్ చేశాను, ఎవరికీ చెప్పకు.

వచ్చేదారిలో ఒక పెద్ద చెదపుట్ట, దాని మీద టోపీ అనే జింక జాతి జంతువు నిటారుగా నిలబడి కాపలా కాస్తోంది. పుట్ట కనబడగానే నా చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. గైడు ఆ జంతువుకి దండం పెడుతున్నాననుకున్నాడు.

ఇక ఆ రెండో రాత్రి. భోజనం చేసి టెంట్‌కి వస్తున్నాం. దారిలో కుర్రాడు ఠక్కున ఆగి టార్చి దించాడు. చీకట్లో గడ్డి పీకుతున్న చప్పుడు, బరబరా, మన పెరట్లో గేదె మేస్తున్నట్టే. నీటిగుర్రం! పగలంతా నదిలో మునిగి ఉండి రాత్రి మేతకు ఒడ్డెక్కుతుంది. ముప్పై అడుగులు కూడా ఉండదు. కదలొద్దని సైగ చేశాడు. అయిదు నిమిషాలో, పదో. మీ నాన్నగారి కాలు వణుకుతోంది, నా భుజం మీద చెయ్యి వేసే అలవాటు ఆయనకు లేదు. అప్పుడా కుర్రాడు చెయ్యి చాపలేదు. తన కర్ర తీసి ఆయన చేతిలో పెట్టాడు, పట్టుకో అన్నట్టు కాదు, కాస్త నీ దగ్గరుంచు అన్నట్టు. ఆయన దాని మీద బరువు ఆన్చారు. నీటిగుర్రం వెళ్ళిపోయాక కుర్రాడు "పోలే పోలే" అన్నాడు. మెల్లమెల్లగా అని అర్థం. నువ్వు ఈ ఏడాదిలో వందసార్లు అన్న మాటే. నువ్వంటే కోపం, వాడంటే తలూపారు.

టెంట్ దగ్గర కర్ర తిరిగిచ్చేస్తూ, "నీకెందుకయ్యా కర్ర, కుర్రాడివి?" అని అడిగారు. వాడికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. కర్ర లేకుండా మగాడు బయటికెలా వెళ్తాడు, పశువులు తోలే చిన్నపిల్లాడి చేతిలో కూడా ఉంటుంది అన్నాడు.

మర్నాడు వాళ్ళ ఊరు చూడబోయాం. ఇళ్ళు ఆడవాళ్ళే కడతారు, కర్రలు నాటి, పైన పేడా మట్టీ మెత్తి. గోడ మీద చెయ్యి వేస్తే మా అమ్మమ్మ వాళ్ళ వసారా వాసన. నేను పూసలు చూస్తున్నాను. తిరిగి చూసేసరికి మీ నాన్నగారి చేతిలో కర్ర! నున్నగా, పట్టుకునే చోట నల్లబడి, ఎవరో వాడినదే. అడిగినంతా ఇచ్చేశారు. నలభై ఏళ్ళ కాపురంలో బేరమాడకుండా ఆయన ఒక వస్తువు కొనడం నేను చూడలేదు.

"ఇంట్లో గోడకి పెడదాం, షోకుగా ఉంటుంది" అన్నారు నాతో. సరే అన్నాను. నైరోబీ వచ్చేదాకా ఆ షోకు నేల మీద టక్కు టక్కు మంటూనే ఉంది.

ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ అమ్మాయి ఆపింది. కర్రని తిప్పి చూసి, "ఇది బొమ్మగా కొన్నారా, నడవడానికా? బొమ్మైతే లగేజీలో వేయాలి, నడవడానికైతే చేత్తో పట్టుకెళ్ళొచ్చు" అంది. వెనక క్యూ. అన్నయ్య ఏదో చెప్పబోతే నేను చెయ్యి నొక్కాను. ఆయన నా వైపు చూడలేదు. గొంతు సవరించుకుని "నడవడానికే. మోకాలి ఆపరేషన్ అయింది. మా అమ్మాయి డాక్టరు, కర్ర లేకుండా నడవద్దంది" అన్నారు ఇంగ్లీషులో, పూర్తి వాక్యాలతో, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరుకి చెప్పినట్టు.

ఆదివారం నువ్వు ఫోన్ చేస్తే ఆయనే ఎత్తుతారనుకుంటున్నా. కర్ర ఊసు నువ్వు తేకు. సింహం గురించి అడుగు. కర్ర దగ్గరికి ఆయనే వస్తారు, మొన్నట్నించి పాలవాడి దగ్గర్నుంచి అందరికీ అదే చెబుతున్నారు, నీటిగుర్రం దూరం రోజుకింత తగ్గుతోంది కూడా.

ఇంకొకటి. నీ నాలుగు కాళ్ళదాన్ని బీరువా వెనక నుంచి తీసి, దుమ్ము తుడిచి, బాత్రూము తలుపు పక్కన పెట్టాను. పొద్దున్న చూస్తే ఆయన మంచం పక్కన ఉంది. నేను జరపలేదు.

వేళకి తిను.

అమ్మ