పొగ రోడ్డు మీద, దోమ ఇంట్లో

సంపాదకుడు గారికి, నమస్కారం.

ప్రపంచ దోమల దినం అంటూ గత నెల 20న మీరు వేసిన పేజీ చూసినప్పటి నుంచి ఆగి ఆగి ఇప్పుడు రాస్తున్నాను. 1897లో అదే రోజున సికింద్రాబాద్ పక్కనున్న బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని చూశాడని గొప్పగా రాశారు, సంతోషం. దాని పక్కనే డెంగీ వార్త. కింద ఫొటో ఏమిటయ్యా అంటే నల్లగా పారుతున్న మురుగు కాలువ! రాస్ చూసింది మలేరియా తెచ్చే అనాఫిలస్ దోమను. మురుగులో పెరిగేది క్యూలెక్స్. అది రాత్రంతా కుట్టి నిద్ర చెడగొడుతుంది, బోదకాలు తెస్తుంది. డెంగీ తెచ్చేది కాళ్ల మీద తెల్ల చారలుండే ఈడిస్. పగలు కుడుతుంది, మంచి నీళ్లలో పుడుతుంది. మూడింటినీ ఒకే గాటన కడితే జనం కాలువ పొడవునా బ్లీచింగ్ ముగ్గు పోయించుకుని, డాబా మీద ట్యాంకు మూత తెరిచే పెట్టి హాయిగా పడుకుంటారు. పడుకుంటున్నారు కూడా.

ఇక దోమల పొగ కొట్టే బండి. నాయకుడు గారు జెండా ఊపడం, మీరు ఫొటో వేయడం ఏటా ఉన్నదే. బండి చప్పుడు వినగానే వీధంతా తలుపులూ కిటికీలూ బిడాయించుకుంటుంది. ఈడిస్ ఎక్కడుంటుంది? మంచం కింద, కర్టెన్ మడతల్లో, దండెం మీద బట్టల చాటున. పొగ రోడ్డు మీద, దోమ ఇంట్లో! పైగా ఆ పొగకు చచ్చేది ఎగిరే దోమే, నీళ్లలో ఉన్న పిల్లపురుగులకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఎండెక్కాక, గాలి తోలుతున్నప్పుడు కొడితే ఆ ఎగిరే దోమకూ తగలదు, డీజిల్ ఖర్చే మిగులుతుంది. కేసు వచ్చిన ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్లలో లోపల కొట్టాల్సిన మందు వేరే ఉంది: 2 శాతం పైరిత్రమ్ ఒక పాలు, కిరోసిన్ 19 పాళ్లు. దానికి ఇల్లిల్లూ తిరగాలి, ఫొటోలో పడదు. అందుకే అరుదు.

అసలు సంగతి గుడ్ల దగ్గరుంది. ఈడిస్ నీళ్లలో గుడ్లు పెట్టదు. నీటి మట్టానికి కాస్త పైన, తడి గోడకు అంటిస్తుంది, మసి నలుసుల్లా ఉంటాయి. నీళ్లు పారబోస్తే అవి గోడకే ఉంటాయి. ఎండినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగిలిన నాడు పొదుగుతాయి. కాబట్టి డ్రమ్ము బోర్లించి చేతులు దులుపుకుంటే అది డ్రై డే, అంటే వారానికోసారి నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి ఎండబెట్టే రోజు, కాదు. (డ్రై డే అంటే మందు షాపులు మూసే రోజనుకునేవాళ్లే మనలో ఎక్కువ, అది వేరే విషయం.) నీళ్లు పొడి నేల మీద పారబోసి, నీటి గీత పడిన చోట సర్ఫు వేసి కొబ్బరి పీచుతో గట్టిగా తోమాలి, కడిగి ఎండబెట్టాకే నింపాలి. మూత లేదా? పాత పంచె రెండు మడతలు వేసి తాడుతో బిగించి కట్టాలి. వదులుగా కడితే గుడ్డ మధ్యలో కుంగి నీళ్లకు తగులుతుంది, దోమకు అదే చాలు. గుడ్డు పొదిగి దోమై లేవడానికి 7 నుంచి 10 రోజులు, అందుకే వారానికోసారి తోమమనేది. ఖాళీ చేయలేని వాడకం నీళ్ల సంపుకు పిల్లపురుగులను చంపే ఒక శాతం టెమిఫాస్ మందు గుళికలు వెయ్యి లీటర్లకు 100 గ్రాములు. ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్ గడ్డి, మనీప్లాంటు సీసా సరే, పెరట్లో వాడకం మానేసిన రోలు మాటేమిటి? పారేయడానికి మనసొప్పదు, వానకు నిండుతుంది. ఇసుక పోసి పూడ్చండి.

జనానిదే తప్పని అధికారులు మైకులో అరుస్తున్నారు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు, అదీ అర్ధరాత్రి వదిలితే జనం గోలేలూ డ్రమ్ములూ నింపుకోక ఏం చేస్తారు? సగంలో ఆగిన అపార్టుమెంట్ల లిఫ్ట్ గుంతల్లో నిలిచిన నీళ్లకు నోటీసులెందరికి ఇచ్చారు? ఇళ్లకొచ్చే సిబ్బంది గేటు దగ్గరే గోడ మీద చాక్‌పీసుతో తేదీ వేసి వెళ్తే సరిపోతుందా? నిచ్చెన ఎక్కి ట్యాంకులో టార్చి వేసేవాడు ఎక్కడ?

ఇంకొకటి మీరు అసలే రాయలేదు. జ్వరం వచ్చిన మొదటి అయిదారు రోజులూ రోగిని పగలు కూడా దోమతెరలో ఉంచాలి. ఆ రోజుల్లో రోగిని కుట్టిన దోమ 8 నుంచి 12 రోజుల తర్వాత పక్కవాళ్లకు అంటిస్తుంది. మనవాళ్లు రోగికి బొప్పాయి ఆకు రసం పోసి, ప్లేట్‌లెట్లు పూటకోసారి లెక్కబెట్టిస్తారు. దోమతెర మాత్రం రాత్రికే.

వచ్చే ఆదివారమైనా ఆ మురుగు కాలువ ఫొటో తప్పని ఒక్క ముక్క వేయండి. దాని బదులు ఏ డ్రమ్ము గోడ మీదో నీటి గీత వెంట అంటుకున్న నల్ల నలుసులు, దగ్గరి నుంచి తీసి వేయండి.

ఇట్లు,
ఒక పాత చందాదారు