రేబిస్ మరణాలకు అజ్ఞానమే కారణమా?

సంపాదకుల వారికి,

కుక్క కరిచిన పిల్లవాడు నెల తర్వాత రేబిస్‌తో చనిపోయాడన్న వార్త మీ పత్రికలో వచ్చి వారం దాటింది. తల్లిదండ్రులు నాటువైద్యాన్ని నమ్ముకోవడమే కారణమని అందులో ఒక అధికారి తేల్చేయడం చదివినప్పటి నుంచి మనసు కుదుటపడక ఈ లేఖ రాస్తున్నాను.

కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, టీకా మొదలుపెట్టి, పళ్లు దిగిన గాయమైతే దానిలోకి ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పని మొదలయ్యేలోగా వైరస్‌ను అడ్డుకునే, ముందే తయారైన ప్రతిరక్షకాల మందు) కూడా ఎక్కిస్తే రేబిస్ దాదాపుగా రాదు. లక్షణాలు బయటపడ్డాక మాత్రం ప్రాణం దక్కడం కల్ల. 1885లోనే పాశ్చర్ టీకా ఇచ్చి చూపించిన ఈ జబ్బుతో ప్రపంచంలో ఇప్పటికీ ఏటా సుమారు 59 వేల మంది చనిపోతున్నారని అంచనా. వారిలో అత్యధికులు ఆసియా, ఆఫ్రికా దేశాల పల్లె పేదలే, ఆ మరణాల్లో పెద్ద వాటా మన దేశానిదే.

అజ్ఞానమే కారణమైతే, ఆరోగ్య కేంద్రం దాకా వచ్చినవారిని తిప్పి పంపుతున్నది ఎవరు? చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో ఒక సీసా మందు పలువురికి సరిపోతుంది, తెరిచాక కొద్ది గంటల్లో వాడేయాలి. మందు వృథా అవుతుందని సీసా తెరవకుండా, "ఇంకో ముగ్గురు నలుగురు వచ్చాక చూద్దాం, రేపు రా అమ్మా" అని ఒక కూలీ తల్లిని పంపేయడం మా ప్రాంతంలో నా కళ్లెదుటే జరిగింది. ఆమె బిడ్డ పిక్క మీద పళ్లు దిగిన చోట చీర కొంగు చించి కట్టు కట్టి ఉంది, రక్తం ఇంకా ఆరలేదు. ఇమ్యునోగ్లోబులిన్ కావాలంటే పెద్దాసుపత్రికి పొమ్మంటారు; ఆనాటి కూలి వదులుకుని, రెండు బస్సులు మారి వెళితే స్టాకు లేదు, బయట కొనుక్కోమంటారు. అలా తిరగలేక మధ్యలో మానేసినవారిని నిర్లక్ష్యపరులనడానికి నోరెలా వస్తుంది? ఈ టీకా మన హైదరాబాద్‌లోనే తయారై దేశమంతటికీ వెళుతోంది కదా!

వీధికుక్కల్లో నూటికి డెబ్బై వాటికి టీకా వేస్తే వ్యాధి వ్యాప్తి ఆగుతుందని అందరికీ తెలుసు. అయినా పంచాయతీని అడిగితే పశుసంవర్ధక శాఖ అంటుంది, ఆ శాఖను అడిగితే నిధులు పంచాయతీవంటుంది. కుక్కల నుంచి వచ్చే రేబిస్‌ను 2030కల్లా నిర్మూలిస్తామని కేంద్రం 2021లో ప్రణాళిక ప్రకటించింది. ఆ గడువు మండల స్థాయిలో ఎవరికైనా గుర్తుందా?

ఒక్కరొచ్చినా సీసా తెరవాల్సిందేనని లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి, టీకా, ఇమ్యునోగ్లోబులిన్ నిల్వలను ప్రతి ఆరోగ్య కేంద్రం బయట బోర్డు మీద రోజూ రాయాలి. మీ విలేకరులు కూడా ఇకపై ఇలాంటి మరణం జరిగినప్పుడు అధికారి మాటతో సరిపెట్టకుండా, ఆ రోజు స్టాకు రిజిస్టరులో ఏముందో చూసి రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు